విక్టోరియా కాలపు ఆఫీసర్ కత్తి బలం ఎక్కడుంది?

విక్టోరియా రాణి కాలంనాటి బ్రిటిష్ పదాతిదళ ఆఫీసర్ కత్తిని ఎవరు చూసినా ముందు చూపు పోయేది పిడి మీదికే. వేళ్లను చుట్టుకున్నట్టుండే ఇత్తడి కాపు, దానికి బంగారు పూత, తీగల్లా వంపు తిరిగిన కడ్డీలు, వాటి మధ్య గుడ్డు ఆకారపు చట్రం, అందులో కిరీటం, కిరీటం కింద వి, ఆర్ అనే రెండు అక్షరాలు. లాటిన్‌లో ‘విక్టోరియా రెజీనా’, అంటే విక్టోరియా మహారాణి అని. ఆ తర్వాత చూపు అలుగు, అంటే కత్తి పలక మీదున్న సన్నటి పూలతీగల చెక్కడం మీదికి జారుతుంది. చాలా మంచి పనితనం, సందేహం లేదు. కానీ ఆ కత్తి పట్టుకుని యుద్ధానికి పోయినవాడి ప్రాణం వేరే నాలుగు సంగతుల మీద ఆధారపడింది. పిడిలోకి దిగిన ఇనుప కాడ ఎంత మందంగా ఉంది, అలుగును ఏ వేడి దగ్గర ముంచి తీశారు, అంచుకు పదును ఎలా పట్టారు, ఒర లోపల ఏముంది. ఈ నాలుగింటిలో ఒక్కటీ అద్దాల బీరువా ముందు నిలబడ్డవాళ్లకు కనబడదు. అప్పట్లో దుకాణం బల్ల ముందు నిలబడి డబ్బు లెక్కపెట్టిన కుర్ర ఆఫీసర్‌కూ కనబడలేదు.

ఎందుకంటే ఈ కత్తి సర్కారు ఇచ్చేది కాదు. సిపాయికి తుపాకీ, బయొనెట్ ఆయుధాగారం నుంచి వచ్చేవి. ఆఫీసర్ మాత్రం యూనిఫాం, బెల్టు, బూట్లతో పాటు కత్తి కూడా సొంత డబ్బుతో కొనుక్కోవాలి. 1871 దాకా పదాతిదళంలో, అశ్వికదళంలో ఆ ఆఫీసర్ ఉద్యోగాన్నే డబ్బు కట్టి కొనుక్కునే పద్ధతి నడిచింది. సైన్యం నిబంధనలు కత్తి ఏ ఆకారంలో, ఎంత పొడవులో, ఏ గుర్తుతో ఉండాలో చెప్పాయి. ఉక్కు ఎంత మంచిదో, కాడ ఎంత గట్టిదో చూసే బాధ్యత కొనేవాడి మీదే పడింది. యూనిఫాం కుట్టే టైలర్లు కూడా కత్తులు అమ్మేవారు. చొక్కాతో పాటు కత్తి కూడా ఒకే బిల్లులో వచ్చేది. అలా పక్కపక్కన పెడితే అక్కాచెల్లెళ్లలా కనబడే రెండు కత్తుల్లో ఒకటి ముప్పై ఏళ్ల సర్వీసు తట్టుకునేది, ఇంకోటి మొదటి దెబ్బకే పిడి దగ్గర ఊగిపోయేది.

విక్టోరియా 1837లో సింహాసనం ఎక్కేనాటికి పదాతిదళ ఆఫీసర్ల చేతిలో ఉన్నది 1822 నమూనా. దాని పిడిని ‘గోథిక్’ అంటారు. కాపు కడ్డీలు కలిసే తీరు గోథిక్ చర్చీల కిటికీల్లో రాతి చట్రాల్ని గుర్తు చేస్తుంది కాబట్టి ఆ పేరు. మెదక్ చర్చిలో ఆ మొన తేలిన కమానుల కిటికీలు చూసినవాళ్లకు ఈ పోలిక వెంటనే తడుతుంది. రైఫిల్ దళాల ఆఫీసర్లకు 1827 నుంచి అదే ఆకారం ఉక్కులో వచ్చింది. అందులో రాచముద్ర బదులు తాడుతో వేలాడే బూర గుర్తు ఉంటుంది. జనరల్ హోదా వాళ్లకు 1831 నుంచి వేరే దారి: ఈజిప్టు మామ్లూకుల పద్ధతిలో దంతపు పిడి, వంపు తిరిగిన అలుగు.

గోథిక్ పిడిలో మొదట్లో ఒక మడత రెక్క ఉండేది. కాపులో లోపలివైపు భాగాన్ని కీలు మీద మడిచేస్తే కత్తి నడుముకు ఆనుకుని ఉంటుంది, ఖరీదైన కోటు గుడ్డ రాపిడికి చిరిగిపోదు. పోరాటం వస్తే రెక్క తెరిచి గొళ్లెం పెట్టుకోవాలి. కాగితం మీద చూస్తే తెలివైన ఏర్పాటే. వాడకంలో కీలు వదులైపోయి టకటక చప్పుడు చేసేది. తెరిచినా గట్టిగా నిలబడదు. 1854 ప్రాంతంలో ఆ రెక్క తీసేసి కాపును ఒకే ముక్కగా పోత పోయడం మొదలైంది. కత్తిని ఉద్యోగపు గుర్తుగా చూడాలా, ఆయుధంగా చూడాలా అన్న పేచీ ఈ చిన్న కీలులోనే మొదటిసారి కళ్లకు కనబడుతుంది. కోటును కాపాడటానికి చేతి రక్షణను తగ్గించుకున్నారు. రెక్క పోయాక కూడా ఇత్తడి కాపు బలహీనంగానే మిగిలింది. కడ్డీల మధ్య ఖాళీలు పెద్దవి, ఇత్తడి మెత్తది. బరువైన కత్తి దెబ్బ పడితే వంగుతుంది, లేదా దెబ్బ సందులోంచి వేళ్ల మీదికే వస్తుంది. ఇంత తెలిసి కూడా సైన్యం ఆ ఆకారాన్ని 70 ఏళ్లకు పైగా వదల్లేదు.

పిడి తయారీలో మాత్రం నేర్పు ఎక్కడా తగ్గలేదు. లోపల చెక్క. దాని మీద టేకు చేప తోలో, సొర చేప తోలో బిగించి అతికించేవారు. కోస్తా ఊళ్లలో టేకు చేపను చేత్తో తడిమినవాళ్లకు ఆ గరగర ఎలాంటిదో తెలుసు. చెమట పట్టినా, వాన పడినా, రక్తం అంటినా చెయ్యి జారదు. తోలు మీద ముందే చెక్కలో కోసిన మెలికల గాడుల వెంట పురి పెట్టిన ఇత్తడి తీగో, బంగారు పూత వేసిన తీగో చుడతారు. అందంగా ఉంటుంది, అంతకుమించి తోలును వదులు కానివ్వదు, వేళ్లకు పట్టు ఇస్తుంది. వెనకవైపు పొడవునా ఇత్తడి పట్టీ, దాని మీద బొటనవేలు ఆనేచోట గళ్ల చెక్కడం. ఈ పిడిలో అందం కోసమే పెట్టినట్టు కనబడేవాటిలో నిజంగా పనికొచ్చేవి ఇవే.

బంగారు పూత సంగతి వేరు. పాత పద్ధతిలో బంగారాన్ని పాదరసంలో కలిపి ఇత్తడికి పూసి, నిప్పు మీద పెట్టి పాదరసాన్ని ఆవిరిగా పంపేసేవారు. మిగిలిన బంగారం లోహాన్ని గట్టిగా కరుచుకుంటుంది. ఆ ఆవిరి పీల్చిన పనివాళ్ల చేతులు వణికేవి, పళ్లు ఊడేవి. బర్మింగ్‌హామ్‌లో ఎల్కింగ్టన్ కంపెనీ 1840లో విద్యుత్తుతో పూత వేసే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాక ఆ కష్టం మెల్లగా తగ్గింది. ఇవాళ పాత కత్తి మీద మిగిలిన బంగారు మెరుపును మెచ్చుకునేటప్పుడు ఈ మాట కూడా గుర్తుండాలి. అలుగు మీద ఉండే పేరు అమ్మిన దుకాణానిది. కాల్చినవాడిది, సాన పట్టినవాడిది, పూత పూసినవాడిది కాదు.

ఇక అలుగు. 1822 నమూనా అలుగు వీపు గుండ్రటి కడ్డీలా ఉండేది. సన్నటి అలుగుకు వెనక ఒక గొట్టం అతికించినట్టు కనబడుతుంది. ఆ కడ్డీ వల్ల కత్తి బిగువుగా నిలబడి పొడవడానికి పనికొస్తుందని ఆలోచన. నరికేటప్పుడు మాత్రం అదే అడ్డం. అంచు లోపలికి దిగుతుంది, వెనక వచ్చే లావుపాటి కడ్డీ దగ్గర ఆగిపోతుంది. కొబ్బరికాయ కొట్టే కత్తికి వీపు మీద ఇనుప గొట్టం కట్టి చూస్తే ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

ఈ లోపాన్ని సరిచేసినవాడు హెన్రీ విల్కిన్సన్. లండన్‌లో 1772 నుంచి నడుస్తున్న హెన్రీ నాక్ తుపాకుల వ్యాపారం నాక్ అల్లుడు జేమ్స్ విల్కిన్సన్‌కు, అతని నుంచి కొడుకు హెన్రీకి వచ్చింది. పాల్‌మాల్ వీధిలో దుకాణం. గడ్డం గీసుకునే బ్లేడ్ల మీద మన ఇళ్లలోనూ కనబడిన విల్కిన్సన్ స్వోర్డ్ అన్న పేరు ఈ కుటుంబం నుంచి వచ్చిందే. హెన్రీకి తుపాకీ గొట్టాల లెక్కలు తెలుసు, లోహం గుణం తెలుసు, వాటితో పాటు కత్తి ఎందుకు విరుగుతుందో తెలుసుకోవాలన్న పట్టుదల ఉంది. అతను రూపొందించిన అలుగును 1845లో సైన్యం తీసుకుంది. గొట్టపు వీపు పోయింది. బల్లపరుపు వీపు, రెండు పక్కలా వెడల్పాటి ఒక్కో గాడి, కొద్దిగా వంపు. పొడవు 32.5 అంగుళాలు, అంటే దాదాపు 82.5 సెంటీమీటర్లు. పిడి దగ్గర వెడల్పు సుమారు ఒక అంగుళం. మొత్తం కత్తి బరువు ఒర లేకుండా కిలో లోపే.

ఆ గాడి గురించి ఒక మాట చెప్పాలి. రక్తం కారిపోవడానికి పెట్టారని చాలామంది నమ్ముతారు. అది తప్పు. గాడి పని బరువుకు సంబంధించింది. ఒక పలకను వంచాలంటే పట్టే బలం దాని మందం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. మందం రెట్టింపైతే బిగువు ఎనిమిది రెట్లు. అందుకే అలుగు వీపు మందంగా ఉండాలి. అలాగని మొత్తం మందంగా చేస్తే చెయ్యి ఎత్తడమే కష్టం. నడిమి భాగంలో ఉక్కు తీసేసి వీపును మందంగా ఉంచితే బరువు తగ్గుతుంది, బిగువు పెద్దగా తగ్గదు. ఇళ్ల పైకప్పుల్లో వాడే ఇనుప గర్డర్ నడుము సన్నగా, పైనా కిందా వెడల్పుగా ఎందుకు ఉంటుందో ఇదీ అందుకే. విల్కిన్సన్ అలుగు గొప్పతనం ఇక్కడుంది. వీపున పాత కడ్డీ లేదు కాబట్టి దెబ్బ మధ్యలో ఆగదు.

ఆకారం గీయడం ఒక ఎత్తు, దాన్ని ఉక్కులో తీయడం ఇంకో ఎత్తు. షెఫీల్డ్‌లో మూసల్లో కరిగించి పోసిన ఉక్కు కడ్డీతో పని మొదలవుతుంది. బెంజమిన్ హంట్స్‌మన్ 1740లలో ఆ ఊళ్లో నిలబెట్టిన పద్ధతి అది. పొట్టిగా, లావుగా ఉన్న ఉక్కు ముక్క చివర మెత్తటి ఇనుము ముక్కను కొలిమిలో అతికిస్తారు. ఇనుము పిడిలోకి దిగే కాడ అవుతుంది, ఉక్కు అలుగు అవుతుంది. కాడకు గట్టిదనం కన్నా విరగకుండా వంగే గుణం కావాలి కాబట్టి ఇనుము. ఆ ముక్కను ఎర్రగా కాల్చి, దాగలి మీద సుత్తి దెబ్బలతో సాగదీసి, గాడి ఆకారమున్న పనిముట్ల మధ్య కొట్టి రూపం తెస్తారు. తర్వాత నిలువునా కాల్చి ఒక్కసారిగా నూనెలోనో నీళ్లలోనో ముంచుతారు. అప్పుడు అలుగు గాజులా గట్టిపడుతుంది, గాజులాగే విరుగుతుంది కూడా. అందుకని మళ్లీ నెమ్మదిగా వేడి చేస్తారు. శుభ్రం చేసిన ఉక్కు మీద రంగులు వస్తాయి. ముందు ఎండుగడ్డి పసుపు, తర్వాత గోధుమ, ఊదా, చివరికి నీలం. రేజరుకు పసుపు దగ్గర ఆపేయాలి. పొడవాటి కత్తి వంగి మళ్లీ లేవాలంటే నీలం దాకా రావాలి. నీలం దాటితే మెత్తబడుతుంది. థర్మామీటరు లేదు, కొలిమి చీకట్లో ఆ రంగు పట్టుకోగల కన్ను ఒక్కటే ఆధారం. తెల్లవారి వెలుగు ఒకలా, మధ్యాహ్నపు వెలుగు ఇంకోలా చూపిస్తుందని తెలిసిన మనిషి ఆ పనిలో ఉండాలి. ఒక అర నిమిషం ఆలస్యమైతే పిడి మీద ఎంత బంగారం పూసినా లాభం లేదు.

ఆ తర్వాత నీళ్లు పారే పెద్ద సానరాళ్ల మీద అరగదీత. రాయి పొడిగా ఉంటే వేడెక్కి అంతకుముందు చేసిన పనంతా పాడవుతుంది. అరగదీశాక మెరుగు, ఆ పైన చెక్కడం. చెక్కడం ఉలితో కాదు. అలుగుకు మైనం లాంటి పూత పూసి, బొమ్మ గీసినచోట పూత తీసేసి యాసిడ్ పోస్తారు. యాసిడ్ తగిలినచోట ఉక్కును పొట్టు మందంలో తినేస్తుంది. వంశ చిహ్నం, పేరులోని మొదటి అక్షరాలు, రాచముద్ర, దుకాణం పేరు అన్నీ అలా వచ్చినవే. ఆ లోతు చాలా తక్కువ. ఇనప పీచుతో రుద్ది ‘కొత్తగా’ చేసిన పాత కత్తుల మీద చెక్కడం చెరిగిపోయి ఉండటానికి కారణం అదే. పాత వస్తువు మీద ప్రేమతో చేసే ఈ తప్పు వల్ల పోయినన్ని గుర్తులు తుప్పు వల్ల కూడా పోయి ఉండవు.

ఈ ఉక్కు కథలో తెలంగాణకు నిజమైన చోటు ఒకటి ఉంది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో ఉక్కు చేసే కొలిములు ఉండేవి. ఆ ఉక్కు దుక్కల కోసం పర్షియా నుంచి వర్తకులు వచ్చేవారు. భారత సర్వేలో పనిచేసిన హెన్రీ వాయ్‌సే అక్కడి తయారీని చూసి రాసిన వర్ణన అతను చనిపోయాక 1832లో అచ్చయింది. అంతకుముందే, 1790లలో, దక్షిణ భారతపు ఉక్కు ముక్కలు లండన్ రాయల్ సొసైటీకి చేరాయి. ఇంగ్లిష్‌లో దానికి పడ్డ ‘వూట్జ్’ అన్న పేరు తెలుగు, కన్నడ భాషల ‘ఉక్కు’ నుంచే వచ్చిందని ఎక్కువమంది పండితులు ఒప్పుకుంటారు. మైకేల్ ఫారడే కుర్రతనంలో, 1819 నుంచి, జేమ్స్ స్టోడార్ట్ అనే కత్తుల తయారీదారుతో కలిసి దాని మీద ప్రయోగాలు చేశాడు. హెన్రీ విల్కిన్సన్ కూడా డమాస్కస్ కత్తుల మీద కనబడే నీటి అలల గీతలకు కారణం వెతుకుతూ 1830లలో వ్యాసం రాశాడు. ఇంతవరకు నిజం. అలాగని విక్టోరియా ఆఫీసర్ల కత్తులు మన ఉక్కుతో చేశారని చెప్పుకోవడం సరికాదు. వాటిలో ఉన్నది షెఫీల్డ్ ఉక్కు. మన ఉక్కులో కార్బన్ ఎక్కువ. ఐరోపా కమ్మరులు తమ అలవాటు ప్రకారం తెల్లగా కాల్చి కొడితే అది పొడిపొడిగా రాలిపోయేది. తక్కువ వేడిలో ఓపికగా సాగదీయడం తెలిసినవాళ్ల చేతిలోనే అది లొంగింది. ఇంగ్లండ్ శాస్త్రవేత్తలకు మన ఉక్కు ఒక ప్రశ్న వేసింది, వాళ్లు ఆ ప్రశ్న వెంట పోయి లోహాల గురించి చాలా నేర్చుకున్నారు. గర్వపడటానికి ఆ సత్యం చాలు.

పిడి లోపలి కాడ దగ్గరికి మళ్లీ వద్దాం. మామూలు కత్తిలో కాడ పిడిలోకి పోతూ సన్నబడి, చివర చిన్న గుండీ గుండా బయటికి వచ్చి, అక్కడ సుత్తితో కొట్టి రివిట్‌లా అణచబడుతుంది. దెబ్బ అలుగు మీద పడినప్పుడు ఊపంతా వచ్చి చేరేది అలుగు ముగిసి కాడ మొదలయ్యే ఆ మలుపు దగ్గరికే. అక్కడ కాడ సన్నగా ఉన్నా, మలుపు చదరంగా కోసినా విరుగుతుంది. అమ్మేవాడు డబ్బు మిగుల్చుకోవాలనుకుంటే మొదట మిగుల్చుకునేది కూడా అక్కడే, పైన తోలూ తీగా కప్పేస్తాయి కాబట్టి. బర్మింగ్‌హామ్‌కు చెందిన చార్లెస్ రీవ్స్ 1853లో దీనికి గట్టి జవాబు కనిపెట్టి పేటెంట్ తీసుకున్నాడు. కాడను సన్నం చేయకుండా పిడి వెడల్పంతా ఉంచాడు. రెండు పక్కలా పలకలు పెట్టి రివిట్లు కొట్టాడు. ఇంట్లో మంచి కూరగాయల కత్తి పిడిని పక్క నుంచి చూస్తే రెండు చెక్కల మధ్య ఉక్కు గీతలా కనబడుతుంది కదా, అదే పద్ధతి. విల్కిన్సన్ దుకాణం వీటిని ‘పేటెంట్ సాలిడ్ హిల్ట్’ పేరుతో అమ్మింది. ధర ఎక్కువ, బరువు కాస్త ఎక్కువ. అయినా భారత్‌లో సర్వీసుకు వచ్చే ఆఫీసర్లలో తెలిసినవాళ్లు అదే అడిగి చేయించుకున్నారు. దాచిన చోటును బయటికి తెచ్చి కొనేవాడికి చూపించడమే ఈ పనిలో అసలు గొప్పదనం.

అయితే కాల్చిన వేడిని అలా బయటికి తేలేం కదా. దానికి పరీక్ష ఒక్కటే దారి. అలుగును బలంగా దిమ్మకేసి కొట్టి, వంపు తిరిగిన చట్రం మీద వంచి, వదిలితే తిన్నగా లేస్తుందో లేదో చూసేవారు. మనిషి చెయ్యి రోజూ ఒకేలా కొట్టదు కాబట్టి విల్కిన్సన్ దానికోసం యంత్రం కూడా చేయించాడు. పాసైన అలుగుకు పిడి దగ్గర గుండ్రటి ఇత్తడి బిళ్ల పొదిగి దాని మీద ‘ప్రూవ్డ్’ అని ముద్ర వేసేవారు, దాని చుట్టూ ఆరు కోణాల నక్షత్రం. 1850ల మధ్య నుంచి వీపు మీద వరుస నంబరు. ఆ నంబరు దుకాణం పుస్తకంలో ఎక్కుతుంది. అలుగు వివరాలు, తేదీ, చాలాసార్లు కొన్న ఆఫీసర్ పేరు కూడా. ఇప్పుడు ఎవరి అటకమీదో దొరికిన కత్తి వీపు మీది నాలుగైదు అంకెల్ని పట్టుకుని అది ఎవరి నడుముకు వేలాడిందో కనుక్కోగలుగుతున్నారంటే ఆ పుస్తకాల పుణ్యమే. ఇత్తడి బిళ్ల మాత్రం త్వరలోనే అందరి కత్తుల మీదా కనబడటం మొదలైంది. పరీక్ష పెట్టినా పెట్టకున్నా బిళ్ల పొదిగి అమ్మిన కత్తులకు కొదవలేదు. నంబరు, పుస్తకం మాత్రం అంత సులువుగా కాపీ కొట్టగలిగేవి కావు. 1885 జనవరిలో సూడాన్‌లో అబూ క్లియా దగ్గర జరిగిన పోరులో బయొనెట్లు వంగిపోయాయన్న వార్తలు ఇంగ్లండ్‌ను కుదిపేశాయి. సర్కారు సరుకు గతే అలా ఉంటే, టైలర్ దగ్గర కొన్న కత్తి గురించి ఎవరికి ధీమా ఉంటుంది?

ఇంత జాగ్రత్తగా చేసిన మంచి కత్తి కూడా ఒక్క చోట ఓడిపోయేది, ఒర దగ్గర. కింది హోదా ఆఫీసర్లకు మొదట తోలు ఒర ఉండేది, పై హోదా వాళ్లకు ఇత్తడి ఒర. 1860ల్లో తోలు ఒర పోయి ఉక్కు ఒర వచ్చింది. ఉక్కు ఒర దృఢంగా ఉంటుంది, గుర్రం మీద, వానలో పాడవదు, మెరుస్తుంది. కానీ పరేడ్‌లో రోజుకు పదిసార్లు కత్తి దూసి మళ్లీ దింపితే అలుగు అంచు ప్రతిసారీ ఇనుముకు రాసుకుంటుంది. యుద్ధానికి పోయే ముందు మాత్రమే పదును పట్టించే ఆచారం ఉండేది. పట్టించిన పదును కూడా నెల తిరిగేలోగా ఒరే తినేసేది.

దీని గురించి అందరికన్నా సూటిగా రాసినవాడు కెప్టెన్ లూయిస్ నోలన్. దక్షిణ భారతంలో, బెంగళూరు వైపు 15వ హుస్సార్ల దళంలో పనిచేసిన అశ్వికుడు. 1854 అక్టోబర్ 25న, రష్యాతో జరిగిన క్రిమియా యుద్ధంలో బలక్లావా దగ్గర, లైట్ బ్రిగేడ్ అనే బ్రిటిష్ అశ్వికదళం వినాశనానికి దారితీసిన ఆజ్ఞను మోసుకుపోయి, అక్కడే మొదటగా చనిపోయినవాళ్లలో ఒకడు. అంతకు ఏడాది ముందు అతను అశ్వికదళం మీద రాసిన పుస్తకంలో నిజాం రౌతుల ముచ్చట ఒకటి ఉంది. అఫ్ఘాన్ మూలాలున్న రోహిల్లాలతో నిజాం దళపు రౌతులు తలపడిన ఒక పోరు తర్వాత వైద్యుడి నివేదిక అతని కంటపడింది. ఒకే వేటుకు తెగిన తలలు, చేతులు, కాళ్లు. అంత లోతుగా కోసే కత్తులు ఎలాంటివో చూడాలని నోలన్ ఆరాటపడ్డాడు. చూసి ఆశ్చర్యపోయాడు. అవి బ్రిటిష్ సైన్యం వాడి వాడి పాతబడ్డాయని పారేసిన ఇంగ్లిష్ రౌతు కత్తులే. నిజాం రౌతులు వాటి పిడులు తీసేసి, తమ పద్ధతిలో చిన్నవి, కాస్త బల్లపరుపుగా ఉండేవి బిగించుకున్నారు. పిడి గుండ్రంగా లేకపోవడంతో అరచేతిలో తిరగదు, అంచు ఎటుందో చేతికే తెలుస్తుంది. మొదలు నుంచి మొన దాకా రేజర్‌లా పదును పట్టారు. చెక్క ఒరలో పెట్టారు. పోరులో తప్ప ఒరలోంచి తీయరు.

నోలన్ ఒక ముసలి రౌతును అడిగాడట, అవయవాలు తెగిపోయేలా ఎలా కొడతారని. గట్టిగా కొడతాం దొరా అన్నాడు ఆయన. అది సరే, ఆ విధంగా కొట్టడం మీవాళ్లకు ఎలా నేర్పిస్తారని మళ్లీ అడిగితే, మేం ప్రత్యేకంగా నేర్పేదేమీ లేదు, పదునున్న కత్తి ఎవరి చేతిలోనైనా తెగుతుంది అన్నాడు. విక్టోరియా కత్తుల మీద రాసిన వందల పేజీల్లో ఇంత బరువైన మాట ఇంకోటి దొరకదు. అదే ఇంగ్లిష్ ఉక్కు, అదే కొలిమి పని. సొంత సైన్యంలో మొద్దుబారి చెత్తలో పడ్డది, హైదరాబాద్ సంస్థానపు రౌతు చేతిలో కొత్త పిడి, సానరాయి, చెక్క ఒర దొరకగానే దాని అసలు శక్తి చూపింది. తయారీలో లోపం లేదు, తయారీ తర్వాత చూసుకునే తీరులో లోపం ఉంది. తెలిసిన ఆఫీసర్లు కొందరు ఆ తర్వాత ఉక్కు ఒరల లోపల చెక్క పట్టీలు వేయించుకున్నారు. నిబంధనలు మాత్రం మారలేదు.

శతాబ్దం చివర్లో మార్పులు వరసగా వచ్చాయి. 1892లో వంపు పోయి తిన్నటి సన్నని అలుగు వచ్చింది, పొడవడానికే తయారైంది. 1895లో గోథిక్ ఇత్తడి పిడి ఎట్టకేలకు పోయింది. దాని బదులు ఉక్కు రేకుతో చేసిన గిన్నెలాంటి కాపు, దానిలో తీగల చిల్లులు, నడుమ అదే వి, ఆర్. అదే ఏడు ఇటలీ ఖడ్గ గురువు ఫెర్డినాండో మసీయెల్లో పద్ధతిలో కొత్త సాధన నియమాలు వచ్చాయి. రేకు అంచు కోటును గీరుతోందని 1897లో లోపలి అంచును కిందికి మడిచారు. ఈసారి కోటునూ కాపాడారు, చేతినీ కాపాడారు. 75 ఏళ్ల క్రితం మడత రెక్కతో తప్పిపోయిన లెక్క అక్కడికి సరిపోయింది. పదాతిదళ ఆఫీసర్ కత్తుల్లో తయారీ పరంగా అన్నిటికన్నా పద్ధతిగా ఉన్నది ఈ 1897 నమూనానే అనాలి.

ఒర కూడా మారింది. 1858లో భారత్‌లో పోరాడుతూ ఎడమ చెయ్యి పోగొట్టుకున్న శామ్ బ్రౌన్, ఒంటి చేత్తో ఒర పట్టుకుని కత్తి దూయలేక భుజం మీదుగా పట్టీ వేసి బెల్టు తయారు చేసుకున్నాడు. తర్వాత సైన్యమంతా ఆ బెల్టు వాడింది. దాని వెంట యుద్ధభూమికి గోధుమరంగు తోలు తొడిగిన చెక్క ఒర వచ్చింది. నిజాం రౌతుల ఒర ఎందుకు మంచిదో నోలన్ రాసిన నలభై ఏళ్లకు పైన బ్రిటిష్ ఆఫీసర్ నడుముకు చెక్క ఒర చేరింది. 1899లో దక్షిణాఫ్రికాలో బోయర్ యుద్ధం మొదలైంది. కిలోమీటరు దూరం నుంచి గురిపెట్టే రైఫిళ్ల ముందు కత్తి వేలాడేసుకున్నవాడే ఆఫీసరని ఇట్టే తెలిసిపోయేది. ఆఫీసర్లు కత్తులు వెనక సామానులో వదిలి సిపాయిల్లా తుపాకులు పట్టారు.

1897 నమూనా మాత్రం పరేడ్లలో బతికే ఉంది. భారత సైన్యం పదాతిదళ ఆఫీసర్ కత్తి కూడా ఆ పిడి నుంచే వచ్చింది, రాచముద్ర ఉండే చోట ఇప్పుడు అశోకుడి సింహాలు ఉంటాయి. పరేడ్ కత్తి కాబట్టి దానికి పదును పట్టరు.